పదికి ఆరు

"నవ్వకండర్రా. పళ్లు కనబడ్డాయంటే ఏడు మార్కులైపోతాయి. మూతి మూసుకుని, కళ్లతో మాత్రం కాస్త నవ్వండి," అన్నాడు గరిటె మామయ్య.

అందరూ మూతులు బిగించారు. అలా బిగించిన నలభై మూతులు ఒక్కచోట చూసేసరికి మామయ్యకే ఆగలేదు. ఇంకేముంది, గదంతా పకపకలు.

అది ఉమ్మడి వంటిల్లు. తలా ఒక ఊరినుంచీ పనికోసం వచ్చినవాళ్లు మధ్యాహ్నం అక్కడే తింటారు. వండేది మామయ్య. బియ్యం, నూనె, గ్యాసు ఒక సేవాసంస్థ ఇస్తుంది. ఆ సంస్థే పోయిన నెల ఉత్తరం పంపింది. 'మీరు ఎంత సంతోషంగా ఉన్నారో సర్వే చేయిస్తున్నాం. వచ్చేనెల మొదటి మంగళవారానికి పూర్తవుతుంది. వంటిల్లు ఉంచాలో తీసెయ్యాలో దాన్నిబట్టి తేలుస్తాం.'

మామయ్య బడికి వెళ్లింది ఐదో తరగతి దాకానే. లోకాన్ని మాత్రం బాగానే చదివాడు. పక్కవీధి వంటింటివాళ్లు పదికి తొమ్మిది మార్కులు వేసుకున్నారు. 'సుఖంగానే ఉన్నారు, ఇంక మా సాయం దేనికి' అని సంస్థవాళ్లు మూసేశారు. వెనకవీధివాళ్లు తెలివిగా రెండు వేసుకున్నారు. 'ఇంత పెట్టినా ఏడుపేనా, దండగ' అని అదీ మూసేశారు.

"అందుకని మనం ఆరు. అటు ఐదున్నర వద్దు, ఇటు ఆరున్నర వద్దు."

"ఆరంటే ఎలా ఉండాలి మామయ్యా?" అంది మిషను కుట్టే అక్క.

"కొత్త చీర కట్టుకున్నావు, చెప్పు తెగింది. అలా ఉండాలి. ఏం మేస్త్రీ, రాత్రి నిద్ర పడుతోందా?"

"పడుతోంది," అన్నాడు తాపీమేస్త్రీ. ఒక్క క్షణం ఆలోచించి, "మధ్యలో దోమ," అన్నాడు.

"భేష్. ఆ దోమే మన బియ్యం బస్తా."

అందరికీ ఆరు పట్టుబడింది, ఒక్క ఉల్లిపిల్లకి తప్ప. ఆ అమ్మాయి వచ్చి మూడు వారాలైంది. పేరేదో చెప్పిందిగానీ, ఉల్లిపాయలు తరుగుతానని పీటేసుకు కూర్చోగానే మామయ్య ఆ పేరు పెట్టేశాడు. చెయ్యి నెమ్మది. నోరు మాత్రం ఊరుకోదు. ఇంటికి ఎన్నాళ్లకోసారి ఫోన్ చేస్తావక్కా, జ్వరమొస్తే ఎవరు చూస్తారన్నా, ఇవీ ఆవిడగారి కబుర్లు. అందరి కూపీలూ దానికే కావాలి.

"నువ్వు చెప్పవే. పదికి ఎన్ని?"

"పది మామయ్యా."

"ఆరు."

"సరే. పది."

"ఒసే, నలభై మంది నోటికాడ కూడు తీసేస్తావా?"

"నాకేం తెలుసు మామయ్యా. ఇక్కడ మీ అందరి పక్కన కూర్చుని తింటుంటే వేరే అంకె నోటికి రావడం లేదు."

మామయ్య తల పట్టుకున్నాడు.

మంగళవారం మధ్యాహ్నం వీధి మలుపులో ఇస్త్రీ చొక్కా కనబడింది. మెడలో సంస్థ కార్డు. మామయ్య ఒక్క ఉదుటున ఉల్లిపిల్ల రెక్క పట్టుకుని సామాన్ల గదిలోకి నెట్టాడు.

"మామయ్యా, ఒక్క మాట చెప్పాలి..."

"రేపు రెండు చెబుదువుగానీ," అని బయట గడియ పెట్టేశాడు.

ఇస్త్రీ చొక్కా గడపలో నిలబడి, "అయ్యా, నేనూ..." అన్నాడు.

"తెలుసండీ, తెలియకపోవడమేం. ముందు భోజనం."

కూర్చోబెట్టారు. వడ్డించారు. ఆయన నోరు తెరిచినప్పుడల్లా మామయ్య ఇంకో గరిటె వేశాడు. అన్నం నోట్లో ఉండగానే అక్క ముందుకొచ్చి, "ఆరండీ," అంది. "ఆరే, దోమ ఉంది," అన్నాడు మేస్త్రీ. వరసగా వచ్చి నలభై మందీ ఆరు అప్పజెప్పారు. ఆయన నములుతూ బిత్తరచూపులు చూశాడు.

సామాన్ల గది తలుపు దబదబమంది.

"ఎలుకలండీ," అన్నాడు మామయ్య.

ఎలుక దగ్గింది.

"జలుబు చేసింది పాపం," అన్నాడు మేస్త్రీ. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. వెనకనించి ఒకడు కిసుక్కుమన్నాడు. ఏడు మార్కులు దాటిపోతున్నాయని మామయ్య కళ్లురిమాడుగానీ, తన మీసాలు కూడా అదురుతూనే ఉన్నాయి.

ఇస్త్రీ చొక్కా ఆఖరి ముద్ద మింగి, గ్లాసెడు నీళ్లు తాగి, మామయ్య గరిటెకి చెయ్యి అడ్డంపెట్టి అన్నాడు:

"కూర బ్రహ్మాండంగా ఉందండీ, కానీ నేను కారు డ్రైవర్ని, మూడు వారాలుగా మీ దగ్గర ఉల్లిపాయలు తరుగుతూ సర్వే రాస్తున్న మా మేడమ్‌గారిని ఆఫీసుకి తీసుకెళదామని వచ్చాను, ఆవిడెక్కడున్నారండీ?"