ఎడమ బూటు

"జర ఎడమ బూటు విప్పుతవా?"

నాంపల్లిలో కార్మికుల పరిహారం కేసులు చూసే ఆఫీసు అది. వరండాలో బెంచీ మీద కూర్చున్న భూపాల్ తలెత్తి చూశాడు.

ఎదురుగా ఎవరో పెద్దాయన. తెల్ల గడ్డం, గళ్ళ చొక్కా, మెడలో తువ్వాలు.

"ఎందుకు?"

"కాలు చూడాలె."

పక్కనే ఉన్న నర్మద, భూపాల్ భార్య, నవ్వింది.

"ఎత్తుకపోతందుకా? అవి మావి గావు పెద్దాయనా. మా తమ్ముడియి. మేడం ముందలికి చెప్పులతోని పోతే బాగుండదని తెచ్చినం."

పెద్దాయన నవ్వలేదు.

బూట్లు బిగుతు. ఎడమది మరీ. పొద్దుటి నుంచీ ఓర్చుకుంటున్నాడు భూపాల్. విప్పితే ఒంటి చేత్తో మళ్ళీ కట్టుకోలేడు.

కుడి చెయ్యి పోయి రెండేళ్ళు. అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో పని. వెనక గోదాములో పెద్ద బట్టల బేలు జారి మీద పడింది. తల పగిలి స్పృహ తప్పింది. చెయ్యి విరిగి అతకలేదు.

గోదాములో ఏమీ జరగలేదంది దుకాణం. రోడ్డు మీద బండి నుంచి పడ్డాడంది. దవాఖానలోనూ అదే రాయించింది. తోటి పనివాళ్ళు నౌకరీ పోతుందని నోరు విప్పలేదు. కేసు మూసేశారు.

మళ్ళీ తెరవమని భూపాల్ అప్పీలు పెట్టుకున్నాడు. చూసినవాళ్ళు ఒక్కరైనా ఇవాళ వచ్చి చెప్పాలి. లేకపోతే ఇక అంతే.

"గోదాము ఎనక షట్టరు కాడికెల్లే గదా నిన్ను ఎత్తుకొచ్చిన్రు?" పెద్దాయన అడిగాడు.

"నీకెందుకు?"

"కాళ్ళకు చెప్పులు లేకుండె గదా?"

"గోదాముల చెప్పులతోని ఎవరు తిరుగుతరు? బట్ట ఖరాబైతది. షట్టరు కాడనే ఇడుస్తం."

"ఔ. గదే." పెద్దాయన తల ఊపాడు. "నేను సాక్ష్యం చెప్త."

భూపాల్ నర్మద వైపు చూశాడు.

పొద్దున గేటు దగ్గర చాయ్ తాగుతుంటే ఎవడో వచ్చి ఇదే మాట అన్నాడు. సాక్షిని ఇప్పిస్తానన్నాడు. కిరాయి అవుతుందన్నాడు. పొమ్మన్నాడు భూపాల్.

"చాయ్ కాడోడు పంపిండా?"

"నన్నెవరు పంపలే. ఆ దినం నేను..."

"ఆ దినం అందరు ఉన్నోళ్ళే!" నర్మద అందుకుంది. "గిన్ని దినాలు యాడున్నవ్?"

"మొన్ననే ఎరుకైంది బిడ్డా. ముందుగాల కాలు చూడనియ్యున్రి. ఖాయం జేసుకోకుండ ఎట్ల చెప్త? ఒకరి సాక్ష్యం ఇంకొకరికి చెప్తే పాపం."

"పాపం గురించి నువ్వే చెప్పాలె," అన్నాడు భూపాల్. "అన్నీ నన్నే అడుగుతవ్. లోపటికొచ్చి నా మాటలే అప్పజెప్తవ్. పో పెద్దాయనా."

పెద్దాయన పోలేదు. గోడ పక్కకు జరిగి నిలబడ్డాడు.

నర్మద గొంతు తగ్గించింది.

"చెప్పనియ్యరాదు? పైసలు గూడ అడగలే. ఎవలకు తెలుస్తది?"

"నాకు తెలుస్తది."

"చెయ్యి పోయింది నిజమే గదా?"

"నిజమే. నిజానికి దొంగ సాక్ష్యం ఎందుకు?"



పేరు పిలిచారు.

లోపల అధికారి విద్యావతి. దుకాణం వకీలు అప్పటికే కుర్చీలో ఉన్నాడు.

"సాక్షిని తెచ్చుకున్నారా?"

"లేరు మేడం."

"ఆలోచించి చెప్పండి. ఇదివరకే వాయిదాలిచ్చాను. ఇంక ఇవ్వలేను."

తలుపు దగ్గర అలికిడి. పెద్దాయన లోపలికి రాబోతున్నాడు. బంట్రోతు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మేడం, నేను..."

"ఎవరతను? మీ మనిషేనా?"

భూపాల్ వెనక్కి తిరిగాడు. వకీలు కూడా తిరిగాడు. నర్మద నేల వైపు చూసింది.

ఔ అంటే చాలు.

"ఆయనెవరో నాకు తెల్వదు మేడం."

బంట్రోతు తలుపు వేశాడు.

విద్యావతి రాసింది. సంతకం పెట్టింది.

"అప్పీలు కొట్టేశాను. వెళ్ళండి."

బయటికొచ్చేసరికి వరండాలో పెద్దాయన లేడు.

"పోయిండు," అంది నర్మద. "ఇంకో గిరాకి ఎతుక్కుంటడు."

భూపాల్ కుంటుకుంటూ గేటు దాటాడు. ఆటో స్టాండు పక్కన అరుగు మీద కూలబడ్డాడు.

"ఇగ విప్పు," అన్నాడు.

నర్మద లేసులు ఊడదీసి, బూట్లు లాగింది.

ఆటోకు ఆనుకుని బీడీ తాగుతున్న డ్రైవర్ కరుణాకర్ అటు చూశాడు. భూపాల్ ఎడమ కాలు చూశాడు. బీడీ పారేశాడు.

"ఆరు వేళ్ళు! అన్నా, అబిడ్స్ బట్టల దుకాణం కేసు నీదేనా?"

"ఔ. ఏంది?"

"మా శ్రీహరన్న కలిసిండా? తెల్ల గడ్డం ఉంటది. మొన్న ఈడ చాయ్ కాడ నీ ముచ్చట ఎవరో చెప్తుంటే విన్నడు. పొద్దుగాల్లకెల్లి ఆటో బంద్ పెట్టి నీ కోసమే తిరుగుతున్నడు. మొఖం చూస్తే గుర్తువట్టనంటడు."

"ఎందుకు గుర్తువట్టడు?" నర్మద అడిగింది.

"తలకు, మొఖానికి బట్ట చుట్టి ఏసిన్రట అక్కా, ఆయన ఆటోల. దవాఖాన దాకా ఆయనకు కనవడ్డది, బయటికి ఏలాడుతున్న ఈ కాలొక్కటేనట."