రెడ్డి కారు, మాబు చెవి

మెకానిక్ మాబు ఆరేళ్లుగా కడపలో బాగుచేస్తున్న పాత జపాన్ స్పోర్ట్స్ కారు ఆ ఉదయం బద్వేలుకు వచ్చింది. అతనే నడుపుకుంటూ వచ్చి ఓబుళరెడ్డి ఇంటి ముందు ఆపాడు.

తుక్కులో పడాల్సిన దాన్ని మోజుపడి కొన్నది ఓబుళరెడ్డి. పిస్టన్లు జపాన్ నుంచి తెప్పించాడు. ఆదివారాలు కడపకు పోయి తలుపుల తుప్పు తన చేత్తోనే గీకాడు.

"ఎక్కన్నా, గండికోట దాకా పోయొద్దాం" అన్నాడు మాబు.

సీటు బాగా కిందికి ఉంది. మాబు అతన్ని రెండు చేతులతో ఎత్తి స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. ఓబుళరెడ్డి ముఖం వెలిగింది.

కుడి చేత్తో తన ఎడమ కాలిని ఎత్తి క్లచ్ మీద పెట్టుకున్నాడు. తొక్కాడు. పెడల్ కదల్లేదు. మళ్లీ తొక్కాడు. పోయిన ఏడాది పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆ కాలు అతని మాట వినడం లేదు.

"పక్కన కూచోన్నా, నేను తోల్తా" అన్నాడు మాబు మెల్లగా.

"వద్దప్పా."

ఓబుళరెడ్డి కాసేపు ఇంజను వింటూ కూర్చున్నాడు.

"లోపల ఏదో శబ్దం వస్తాండాది మాబూ. ఇంకా శానా పని ఉండాది. కడపకు తీసకపోయి మళ్లా అంతా విప్పు."

మాబు బానెట్ ఎత్తి చెవి పెట్టాడు. ముప్పై ఏళ్ల పనిలో అంత సాఫీగా నడిచే ఇంజను అతను వినలేదు.

"అవునన్నా, వస్తాండాది" అన్నాడు. "బాగుచేసేకి ఇంకో రెండేళ్లన్నా పడతాది."