కువైట్ కోడ్

బట్టల షాపులో పొద్దంతా నిలబడి కరీంనగర్ నుంచి ఇల్లు చేరిన రవళి, సంచి పక్కన పడేసి కంప్యూటర్ ముందు కూర్చుంది. పుట్టినరోజని దుబాయి నుంచి అన్న నరేశ్ కొని పంపిన గేమ్ కోడ్ కొట్టింది. కంప్యూటర్ దాన్ని తీసుకోలేదు. అన్నకు ఫోన్ చేసింది.

"అన్నా, గీ కోడ్ పని చేస్తలేదు."

"మంచిగ కొట్టినవా?" అతని గొంతు అలసిపోయి ఉంది.

"కొట్టిన. ఏ దేశంల కొన్న కోడ్ ఆ దేశం అకౌంట్లనే నడుస్తదట."

"గట్ల ఉంటదని నాకేమెరుక చెల్లే? దుబాయి కోడ్ ఇండియాల నడువదన్నట్టు."

రవళి తెర మీది అక్షరాలు మళ్లీ చదివింది.

"దుబాయిది గాదన్నా. కువైట్ల మాత్రమే నడుస్తదని ఉన్నది."

"సరిగ్గ చూడు," అన్నాడు నరేశ్.

"నువ్వు కువైట్ల ఉన్నవా?"

"దుబాయిల కంపెనీ మూతపడ్డది. బతుకమ్మకు ముంగట్నే ఇటు వచ్చి, ఒకరింట్ల కారు నడుపుతున్న. అవ్వకు చెప్పకు. ఫికర్‌తోని తిండి మానేస్తది."

"నాకన్న చెప్పద్దా?"

"నువ్వే షాపుల పరేషాన్ అవుతుంటివి. ఇంకేం చెప్పాలె?"

నిజమే. ఇన్ని నెలలూ ఫోన్ చేసినప్పుడల్లా ఆమె తన షాపు కష్టాలే చెప్పుకుంది. అతను ఊఁ కొడుతూ విన్నాడు.

"ఇంకో కోడ్ చూస్త తియ్యి," అన్నాడు నరేశ్.

"వద్దన్నా." రవళి కంప్యూటర్ ఆపేసింది. "అన్నం తిన్నవా?"

"ఇంకా లే."

"అయితే ముందుగాల పళ్లెం పెట్టుకో. తినుకుంట చెప్పు, నేను వింట."