పురిటి గదిలో పాత బల్బు

దగ్గరగా జరిగి కూర్చోండమ్మా, నా తప్పు చెబుతాను.

మాది కృష్ణానగర్. మనవడు కమలాకర్ సినిమా షూటింగుల్లో లైట్‌మన్. వాడికి ఆడపిల్ల పుట్టి ఆరు రోజులు. గాలి సోకుతుందని పురిటి గది కిటికీ మూయించింది నేనే. ఈ పొద్దున వాడు పాత బల్బు తీసి ఎల్‌ఈడీ పెట్టబోయాడు.

"హీరోయిన్ల మీద కొట్టే లైటు పసిపిల్ల మీద కొడ్తవారా?" అన్నాను.

"గీ పాత బల్బుకు గది పొయ్యి లెక్క కాలుతుంది నానమ్మా."

కొత్తది బిగించి స్విచ్ వేసి, ఆ తెల్లటి వెలుగులో బిడ్డను చూసి ఆగిపోయాడు.

"పిల్లకేం పూసినవ్?"

"పసుపు. రోజూ నలుగు పెడ్తలేనా?"

వాడి పెళ్ళాం నవత తడిగుడ్డతో తుడిచింది. పసుపు పోలేదు. కమలాకర్ మెల్లగా బిడ్డ రెప్ప ఎత్తాడు.

"కంట్ల గూడ పూసినవా, నానమ్మా?"

పిల్ల రెండు రోజులుగా పాలు తాగకుండా నిద్రపోతోందని నవత ఏడుస్తుంటే, "బంగారు బొమ్మ పుట్టింది, పండనియ్యి" అన్నది నేనే.

ఈ ఆసుపత్రికి తీసుకొస్తే, కామెర్లు ముదిరాయన్నాడు డాక్టరు. లోపల కళ్ళకు గంతలు కట్టి, బిడ్డను నీలి లైట్ల కింద పడుకోబెట్టారు. నన్ను ఈ బెంచీ మీద కూర్చోమన్నారు.

మీ ఇంట పురుడొస్తే కిటికీ తెరిచి, వెలుగులో బిడ్డ కళ్ళు చూడండి. మరిచిపోకండమ్మా. శకుంతలమ్మ చేసిన తప్పని నా పేరుతోనే పదిమందికి చెప్పండి.