ఏడో గేరు కుదుపు

"ఏడో గేరులో కుదుపు ఉందయ్యా అల్లుడూ."

మామగారు కారు దిగకుండానే తీర్పు చెప్పేశారు. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. కొత్త ఆటోమేటిక్ కారు కొని నెలయింది. అల్లుడి షెడ్డుకి తీసుకురావడం ఇది నాలుగోసారి.

మెకానిక్ అల్లుడు చేతులు తుడుచుకున్నాడు.

"నిన్న కూడా నడిపి చూశాను మావయ్యగారూ. నాకేం తెలియలేదు."

"నీకెలా తెలుస్తుంది? బోర్డు మీద అంకె పడదు. చెవి ఉండాలి. నేను లెక్కపెట్టాను, ఎనిమిది. ఏడోది పడేటప్పుడు ఎక్కిళ్లొచ్చినట్టు ఎగురుతోంది. సాయంత్రానికి సరిచేస్తావా, ఎదురు షెడ్డుకి తోలుకెళ్లనా?"

అల్లుడు రోడ్డుకి అవతలున్న షెడ్డు కేసి చూశాడు. సొంత మామే ఎదురు షెడ్డు గడప తొక్కితే ఇక తన దగ్గరికి ఎవడొస్తాడు? పొద్దున భార్య చెప్పనే చెప్పింది. "ఏదైనా అను కానీ నాన్న చెవికి వంక పెట్టకు. రిటైరయ్యాక ఆయనకి మిగిలింది అదే."

"అయినా మా బస్సుకి నాలుగే. వీటికిన్ని దేనికయ్యా?" అన్నారు మామగారు.

"ఇంజనుకి ఒంటికి పడే వేగం ఒకటుంటుందండి. గేర్లు తక్కువైతే కాసేపు రొప్పుతుంది, కాసేపు మూలుగుతుంది. మెట్లు చిన్నవి చేస్తే ఆయాసం ఉండదు, పెట్రోలూ మిగులుతుంది. అందుకే ఈ రోజుల్లో ఎనిమిదీ పదీ పెడుతున్నారు."

"అదీ మాట. ఎనిమిదని నేను చెప్పలేదూ?"

అల్లుడు కారు కిందికి దూరాడు. రెండు గంటలు వెల్లకిలా పడుకున్నాడు. రెంచీతో అక్కడోసారి, ఇక్కడోసారి టంగుమనిపించాడు. మధ్యలో చిన్న కునుకు కూడా తీశాడు. బయటికి వచ్చేముందు మొహానికి కాస్త గ్రీజు రాసుకున్నాడు.

"దొరికింది మావయ్యగారూ. మీరు చెప్పిన చోటే. వెంట్రుకవాసి తేడా."

మామగారు ఊరంతా ఓ చుట్టు చుట్టి వచ్చారు. మొహం చేటంతయింది.

"ఏడోది వెన్నలా పడుతోందయ్యా. పిల్లనిచ్చి పొరపాటు చేశాననుకున్నాను కానీ, నీ చేతిలో పనుంది. మా డ్రైవర్లందరినీ నీ దగ్గరికే పంపిస్తా." కదలబోతూ అద్దం దించారు. "మూడోది కొంచెం గొణుగుతోంది. వచ్చేవారం చూద్దాం."

"తప్పకుండా తీసుకురండి" అన్నాడు అల్లుడు, చేతులు కట్టుకుని.

ఆ కారులో మార్చడానికి అసలు ఒక్క గేరూ లేదని, రెండు కప్పీల మధ్య ఒక బెల్టు జారుతూ ఉంటుందంతేనని ఆయన మొహం మీద చెప్పగలిగిన వాడు ఆ కుటుంబంలో ఇంకా పుట్టలేదు.