ముఖం సరిపోలలేదు

తమ్ముడు రఘునందన్ మోతీనగర్ నుంచి వస్తున్నాడంటే హీరో క్రాంతికుమార్ అతన్ని ఫిల్మ్‌నగర్ ఇంటి వెనక గేటు దగ్గరే ఆపించేవాడు. ఈరోజూ అంతే.

"బిడ్డకు ఆపరేషనన్నా. పైసలు కడితేనే లోపలికి తీస్కపోతరంట."

"సరే, ఆస్పత్రికే పంపిస్తాను. హాల్లో నిర్మాతలున్నారు. నువ్వు వాళ్ల కంటపడకు," అంటూ క్రాంతికుమార్ ఫోన్‌లో బ్యాంకు యాప్ తెరిచాడు.

పెద్ద మొత్తం కాబట్టి యాప్ ముఖం చూపించమంది. చూపించాడు. 'ముఖం సరిపోలలేదు' అంది. కళ్లజోడు తీశాడు. ఎండలోకి జరిగాడు. ఊరూరా కటౌట్లు కట్టించుకున్న ముఖాన్ని యాప్ మళ్లీ కాదంది.

"దరిద్రపు బ్యాంకు! నేనెవరో తెలీదా వీళ్లకి?" అని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అరిచాడు.

"ఖాతా తెరిచినప్పటి ఫొటోతో కలవాలండీ," అంది అటువైపు అమ్మాయి.

ఖాతా తెరిచింది ముక్కుకీ దవడకీ సర్జరీలు చేయించుకోకముందు.

"నీ ఖర్మ, నేనేం చెయ్యను? రేపు రా," అన్నాడు తమ్ముడితో.

రఘునందన్ ఆ ఫోన్ అందుకుని తన ముఖానికి ఎదురుగా పెట్టుకున్నాడు. వాళ్లిద్దరూ కవలలు. క్షణంలో తెర పచ్చబడింది. 'క్రాంతికుమార్ గారూ, మీ ముఖం సరిపోలింది.'

క్రాంతికుమార్ తలెత్తకుండా డబ్బు పంపించాడు.

"ఫికర్ చెయ్యకన్నా," అన్నాడు రఘునందన్ వెళ్తూ. "నీ మొఖం మా ఇంట్ల పదిలంగనే ఉన్నది."