ఒకే లిఫ్టులో ఇద్దరూ

"లిఫ్టు ఆపుతానంటే ఆపుతాను వదినా. నువ్వు అడ్డం పడకు."

లిఫ్టు మెకానిక్ హోటల్ పై అంతస్తులోని మెషిన్ గదిలోకి విసురుగా నడిచాడు. అదే హోటల్లో బట్టలు ఇస్త్రీ చేసే వదిన వెనకాలే వచ్చింది. ఆమె రెండు చేతుల్లో రెండు హ్యాంగర్లు, వాటికి రెండు చొక్కాలు. సాయంత్రం కింద హాల్లో పాడబోయే జంటవి అవి. జానపదాలకు రాక్ దరువు కలిపి హాళ్లు ఊపేసే ఆ ఇద్దరికీ అభిమానులు పెట్టుకున్న పేర్లు బొంగురు, గిటారు.

"ఉద్యోగం ఊడితే మీ అన్నయ్యకి నేనేం చెప్పను?"

"వాళ్లిద్దరూ విడిపోతే నాకు నేనేం చెప్పుకోను? పోయిన కచేరీ చూశావుగా. పడవ పాటలో ఇద్దరూ ఒకే మైకు దగ్గరకొచ్చే చరణంలో గిటారు తీగల మీంచి చెయ్యి తీసేశాడు. పాపం బొంగురు ఒక్కడే పాడుకున్నాడు."

"తీసెయ్యలేదయ్యా, తీగ తెగింది."

"తీగ తెగినవాడు అటు తిరిగి నవ్వుతాడా?"

"మీ బొంగురు మాత్రం తక్కువ తిన్నాడా? అంతకు ముందు కచేరీలో గిటారు వంతు రాగానే మైకులో దగ్గు మొదలెట్టాడు. వంతు అయ్యేదాకా దగ్గాడు. నిజం దగ్గు అలా తాళానికి రాదు."

కోపంలోనూ మెకానిక్‌కి నవ్వొచ్చింది. నిజమే, దగ్గు తాళం తప్పలేదు.

"ఇప్పుడు గదులు కూడా ఆ చివరొకటి, ఈ చివరొకటి తీసుకున్నారు" అంది వదిన. "రెండు చొక్కాలూ ఒకే హ్యాంగరుకి తగిలించొద్దని కబురు పెట్టారు. అంత పడనివాళ్లు ఇంకా కలిసి పాడుతున్నారంటే అది పంతం. ముందు వదిలేసింది వాడేనని అనిపించుకోవడం ఇద్దరికీ ఇష్టం లేదు."

"పంతం కాదు, ప్రేమే. పైకి చెప్పుకోలేరు. నా సర్వీసులో ఎంతమందిని చూశాను! ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా లిఫ్టులో ఇరుక్కుంటే బయటికొచ్చేసరికి చుట్టాలైపోతారు. వీళ్లు చిన్నప్పటి నుంచీ స్నేహితులు."

రెండో లిఫ్టుకి పొద్దున్నే 'మరమ్మతులో ఉంది' అని బోర్డు తగిలించేశాడు. ఇక మిగిలింది ఇదొక్కటే. లిఫ్టులో మాటలు వినిపించే స్పీకరు గోడ మీద గరగరలాడింది. మైకులూ గిటారు తీగలూ సరిచూసుకోవడానికి ఇద్దరూ కిందికి బయల్దేరినట్టున్నారు.

"మీరు వెళ్లండి."

"పర్వాలేదు, మీరే వెళ్లండి."

"విన్నావా వదినా? ఒరే అంటే ఒరే అనుకున్నవాళ్లు, మీరట!" మెకానిక్ వెళ్లి మీట మీద చెయ్యి వేశాడు.

ఆలస్యమవుతోందని ఎవరో కింది నుంచి కేకేశారు. ఇద్దరూ ఎక్కారు. తలుపు మూసుకుంది. లిఫ్టు రెండో అంతస్తు దాటగానే మెకానిక్ మీట కిందికి లాగేశాడు.

"ఏమయ్యా, ఆగిపోయిందేంటి?"

"చిన్న రిపేరు సార్. లైటూ ఫ్యానూ పనిచేస్తాయి. కాస్త ఓపిక పట్టండి" అని చెప్పి మెకానిక్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

లోపల పోట్లాట మొదలైంది. దగ్గు సంగతి వచ్చింది. తెగని తీగ సంగతి వచ్చింది. పోస్టరు మీద ఎవరి మొహం పెద్దదో వచ్చింది. వదిన కంగారుపడింది.

"కొట్టుకుంటారేమో! మీట ఎత్తెయ్."

"ఎత్తను."

మేనేజరు ఫోను చేశాడు. మెకానిక్ ఎత్తలేదు. మళ్లీ మోగింది. వైరు పీకేశాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించగానే, ఇంతసేపూ వద్దన్న వదినే వెళ్లి తలుపు గడియపెట్టి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"ఇంత దూరం వచ్చాక సగంలో వదిలేస్తామా? ఎవడొచ్చినా మీట ఎత్తకు" అంది.

తలుపు దబదబా మోగింది. స్పీకరులో అరుపులు తగ్గాయి. కాసేపటికి ఒక గొంతు, బొంగురుగా, "ఒరే" అంది.

"ఏంట్రా?" అంది ఇంకో గొంతు.

అంతే. ఒకడు ఏడ్చాడో నవ్వాడో తెలియలేదు. గిటారు తీగ మెల్లగా మోగింది. పడవ పాట. అదే చరణం. మైకు లేదు, చప్పట్లు లేవు, ఇద్దరూ ఒకే గొంతైపోయి పాడారు. మెకానిక్ చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. ఏ కచేరీలోనూ అంత బాగా వినలేదు.

పాట అయ్యాక లోపల మాటలు మెల్లగా మొదలయ్యాయి. వదిన వచ్చి స్పీకరు కట్టేసింది.

"ఇంక వాళ్ల మాటలు వాళ్లవి. మనం వినకూడదు." రెండు చొక్కాలనూ ఒకదాని మీద ఒకటి ఒకే హ్యాంగరుకి తగిలించింది. "ఇప్పుడు ఎవడొద్దంటాడో చూస్తాను."

ఇంకాసేపు ఆగి మెకానిక్ మీట పైకి నెట్టాడు. గడియ తీసి, బయట నిలబడ్డ మేనేజరు తిట్లన్నీ వీపున వేసుకుని, వదినతో పాటు మెట్లు దిగి కిందికి పరిగెత్తాడు.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఇద్దరూ భుజాల మీద చేతులు వేసుకుని బయటికొచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మొహాలు మాత్రం తేటగా ఉన్నాయి. వెనకే రొప్పుతూ వచ్చిన మేనేజరు మళ్లీ నోరు తెరవబోతే బొంగురు చెయ్యెత్తి ఆపాడు.

"ఆయన్నేమీ అనకండి. ఆయన మాకు చేసిన మేలు ఇంకెవరూ చెయ్యలేదు." మెకానిక్ రెండు చేతులూ పట్టుకున్నాడు. "ముందు ఎవరు నోరు విప్పాలా అని ఏళ్ల తరబడి బిగుసుక్కూర్చున్నామయ్యా. ఇవాళ ఇద్దరం ఒకేసారి ఆ మాట అనేశాం."

"కలిసిపోయారన్నమాట!" మెకానిక్ వదిన వైపు గెలిచినవాడిలా చూశాడు. వదిన హ్యాంగరు ముందుకు చాపింది.

"కలిసిపోయాం" అన్నాడు గిటారు, దాని మీద నుంచి తన చొక్కా తీసుకుంటూ. "ఇక పంతాలేమీ లేవు. సాయంత్రం ముందు వరసలో కూర్చోండి, ఇదే మా ఆఖరి కచేరీ."